అమెరికాలో ‘సోషలిజం’ అంటే ఏమిటి? కన్జర్వేటివుల విమర్శ నెగ్గేదెక్కడ, ఆగేదెక్కడ

## క్లుప్తంగా

అమెరికా కన్జర్వేటివులు సోషలిజం అన్నప్పుడు ఫ్యాక్టరీలు ప్రభుత్వపరం కావడం గురించి మాట్లాడటం తక్కువ. వాషింగ్టన్ చేతిలో పెరిగిపోతున్న అధికారం గురించి మాట్లాడటమే ఎక్కువ. వాళ్ల నోట పదేపదే వినిపించే ఉదాహరణ వెనెజువెలా. అసలు పస ఉన్న వాదన వేరు: నిర్ణయం ఎవరు తీసుకోవాలి, బిల్లు ఎవరు కట్టాలి. కొత్త పథకాలను ఆపడంలో ఈ విమర్శ చాలాసార్లు నెగ్గింది. జనం చేతికి అందిన పథకాన్ని వెనక్కి తీసుకోవడంలో మాత్రం 1996 నాటి సంక్షేమ చట్టాన్ని మినహాయిస్తే పెద్దగా నెగ్గింది లేదు.

## ఒకే రోజు రెండు దృశ్యాలు

2025 నవంబర్ 21 శుక్రవారం ఉదయం అమెరికా ప్రతినిధుల సభ సోషలిజం ఘోరాలను ఖండిస్తూ తీర్మానం చేసింది. అనుకూలంగా 285 ఓట్లు, వ్యతిరేకంగా 98. అవునన్నవాళ్లలో 86 మంది డెమొక్రాట్లు. అదే రోజు మధ్యాహ్నం జొహ్రాన్ మమ్దానీ వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ట్రంప్ పక్కన నిలబడి విలేకరులతో మాట్లాడారు. డెమొక్రటిక్ సోషలిస్టునని బాహాటంగా చెప్పుకునే మమ్దానీ అంతకు రెండున్నర వారాల ముందే న్యూయార్క్ మేయర్‌గా గెలిచారు. ఎన్నికల ప్రచారంలో ట్రంప్ ఆయన్ని కమ్యూనిస్టు అన్నారు. ఆ మధ్యాహ్నం మాత్రం ఇద్దరూ ఇళ్ల గురించి, పెరిగిన ఖర్చుల గురించి సామరస్యంగానే మాట్లాడుకున్నారు.

ఈ వార్తలు చదివే తెలుగువాళ్లకు కాస్త అయోమయం కలగడం సహజం. భారత రాజ్యాంగ ప్రవేశికలో 1976 నుంచి ‘సామ్యవాద’ అనే మాట ఉంది. దాన్ని తీసేయాలన్న పిటిషన్లను సుప్రీంకోర్టు 2024 నవంబరులో కొట్టేసింది. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కోరే ఏ పార్టీ అయినా సోషలిజం సూత్రాలకు కట్టుబడి ఉంటామని రాసివ్వాలి. మార్కెట్‌ను నమ్మే పార్టీకి కూడా మినహాయింపు లేదు. అంటే ఇక్కడ ఆ మాట ఒక లాంఛనం. అలాంటి చోటు నుంచి డల్లాస్‌కో ఎడిసన్‌కో వెళ్లినవాళ్లకు, అక్కడ అదే మాట ఎన్నికల్లో తిట్టుగా ఎందుకు వాడతారో వెంటనే అర్థం కాదు.

## ఆ మాట తిట్టు ఎలా అయింది

మొదటి నుంచీ తిట్టు కాదు. 1912 అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు పార్టీ అభ్యర్థి యూజీన్ డెబ్స్‌కు సుమారు 9 లక్షల ఓట్లు, అంటే పోలైన వాటిలో 6 శాతం వచ్చాయి. 1920లో ఆయన అట్లాంటా జైలు నుంచి పోటీ చేసినా 9 లక్షలు దాటాయి. మిల్వాకీ నగరాన్ని డేనియల్ హోన్ అనే సోషలిస్టు మేయర్ 1916 నుంచి 1940 దాకా 24 ఏళ్లు నడిపారు. డ్రైనేజీలు, పార్కులు, అవినీతి లేని మునిసిపాలిటీ ఆయన పాలన గుర్తులు. ఆ నగరానికి చివరి సోషలిస్టు మేయర్ 1960లో దిగిపోయారు.

సోవియట్ యూనియన్‌తో ప్రచ్ఛన్న యుద్ధం ఆ మాట అర్థాన్ని మార్చేసింది. ఆ తర్వాత వచ్చిన మార్పు ఇంకా లోతైనది. 1959 విప్లవం తర్వాత క్యూబా నుంచి, ఈ శతాబ్దంలో వెనెజువెలా నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాలు మయామీ చుట్టుపక్కల స్థిరపడ్డాయి. ఇల్లు, దుకాణం, పొదుపు పోగొట్టుకున్న జ్ఞాపకం వాళ్లది. వాళ్లకు సోషలిజం పుస్తకాల్లోని సిద్ధాంతం కాదు. మయామీ-డేడ్ కౌంటీని 2016లో హిల్లరీ క్లింటన్ దాదాపు 30 శాతం ఆధిక్యంతో గెలిచారు. 2024లో ట్రంప్ అక్కడ సుమారు 11 శాతం ఆధిక్యంతో నెగ్గారు. 1988 తర్వాత ఆ కౌంటీ రిపబ్లికన్ల వైపు తిరగడం అదే మొదటిసారి. దీనికి కారణాలు చాలానే ఉన్నా, సోషలిజం భయం వాటిలో చిన్నదేమీ కాదు.

ఆ బాధ నిజమైనదే. కానీ న్యూయార్క్‌లో మమ్దానీ హామీ ఇచ్చిన ఉచిత బస్సుల్లాంటి పథకాలను తూచడానికి వెనెజువెలా సరైన రాయి కాదు. ఆ దేశం కూలిపోయిన క్రమం తెలిసిందే. ధరల మీద, విదేశీ మారకం మీద నియంత్రణలు పెట్టారు. ప్రైవేటు కంపెనీలను స్వాధీనం చేసుకున్నారు. చమురు కంపెనీలో సమ్మె చేసిన వేలమంది నిపుణులను తీసేశారు. లోటు పూడ్చడానికి నోట్లు అచ్చు వేశారు. మేయర్‌కు నోట్లు అచ్చు వేసే అధికారం లేదు. ఉచిత బస్సు పథకం దండగ అవొచ్చు, కాకపోవచ్చు, కానీ అది ఆ దారిలో వేసే అడుగు కాదు. కన్జర్వేటివ్ ఆలోచనలో ఇంతకంటే గట్టి వాదనలు ఉన్నాయి. టీవీ చర్చల్లో అవి తక్కువగా వినిపిస్తాయి.

## ధర చెప్పే సంగతి ఆఫీసుకు తెలియదు

వాటిలో మొదటిది సమాచారం గురించి. ఆర్థికవేత్త ఫ్రెడరిక్ హయక్ 1945లో రాసిన ఒక వ్యాసంలో దీన్ని స్పష్టంగా చెప్పారు. ఎక్కడ ఏ వస్తువు కొరతగా ఉంది, ఎవరికి ఏది ఎంత అవసరం అనే సమాచారం లక్షలమంది మధ్య ముక్కలుగా చెదిరి ఉంటుంది. ఎంత తెలివైన అధికారి అయినా దాన్నంతా ఒక ఫైలులోకి తేలేడు. ధర మాత్రం ఆ పని చేస్తుంది. ధరను బిగించి కట్టేస్తే ఆ కబురు ఆగిపోతుంది.

తెలుగువాళ్లకు ఈ తర్కం కొత్త కాదు. 1959లో కాంగ్రెస్ నాగపూర్ సమావేశం సహకార సేద్యం తీర్మానం చేసినప్పుడు నిడుబ్రోలుకు చెందిన ఎన్.జి. రంగా దాన్ని ఎదిరించి బయటికొచ్చారు. రాజాజీతో కలిసి పెట్టిన స్వతంత్ర పార్టీకి ఆయనే అధ్యక్షుడు. సొంత కమతం ఉన్న రైతు నిర్ణయాన్ని సంఘం చేతికి, ఆపైన ప్రభుత్వం చేతికి అప్పగించొద్దన్నది ఆయన పట్టుదల. అమెరికాలో ఇళ్ల అద్దెల గురించి ఇప్పుడు జరుగుతున్న వాదనా ఇదే కోవకు చెందుతుంది.

మిన్నెసోటాలోని సెయింట్ పాల్ నగరంలో 2021 నవంబరులో ఓటర్లు అద్దె పెంపును ఏడాదికి 3 శాతానికి పరిమితం చేశారు. కొత్తగా కట్టే ఇళ్లకూ ఆ పరిమితి వర్తించింది. తర్వాతి నెలల్లో అక్కడ ఇళ్ల నిర్మాణానికి తీసుకునే పర్మిట్లు ఒక్కసారిగా పడిపోయాయి. ఏడాది తిరక్కముందే నగర కౌన్సిల్ కొత్త నిర్మాణాలకు 20 ఏళ్ల మినహాయింపు ఇచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1994లో విస్తరించిన అద్దె నియంత్రణ మీద స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్తలు 2019లో ఒక అధ్యయనం ప్రచురించారు. నియంత్రణ కిందికొచ్చిన యజమానులు అద్దెకిచ్చే ఇళ్లను 15 శాతం తగ్గించుకున్నారని, దానివల్ల నగరమంతటా అద్దెలు సుమారు 5 శాతం పెరిగాయని అది తేల్చింది. అదే అధ్యయనం ఇంకో సంగతీ చెప్పింది. అప్పటికే ఆ ఇళ్లలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లు, ఊరు వదలాల్సిన అవసరం లేకుండా నిలబడగలిగారు. లోపల ఉన్నవాళ్లకు లాభం, ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్లకు నష్టం. నష్టపోయేవాళ్లు ఇంకా ఆ ఊళ్లో లేరు కాబట్టి వాళ్లకు ఓటు లేదు. ఇలా కనపడని ఖర్చును లెక్కలోకి తేవడమే కన్జర్వేటివ్ విమర్శ చేసే మంచి పని.

## హెర్రింగ్ పడవ మీద ఒక అదనపు మనిషి

రెండో వాదన అధికారులు రాసే రూల్స్ గురించి. దీన్ని అర్థం చేసుకోవడానికి న్యూజెర్సీ తీరాన కేప్ మే రేవు దాకా వెళ్లాలి. అక్కడి పడవలు అట్లాంటిక్‌లో హెర్రింగ్ చేపలు పడతాయి. చేపల నిల్వలు తరిగిపోకుండా చూసేందుకు ప్రభుత్వ పరిశీలకులను పడవ ఎక్కించే వీలు 1976 చట్టం కింద ఉంది. ఆ పరిశీలకుడి ఖర్చు ఎవరు పెట్టుకోవాలో హెర్రింగ్ పడవల విషయంలో చట్టం ఏమీ చెప్పలేదు. 2020లో ఫెడరల్ మత్స్య విభాగం ఆ ఖర్చు పడవ యజమానిదేనని రూల్ పెట్టింది. రోజుకు 710 డాలర్ల వరకు అవుతుందని, యజమానికి ఏడాదికి మిగిలేదాంట్లో 20 శాతం దాకా పోవచ్చని అంచనా వేసింది కూడా ఆ విభాగమే.

పడవవాళ్లు కోర్టుకెక్కారు. చట్టంలో స్పష్టత లేనిచోట సంబంధిత శాఖ చెప్పే అర్థం సబబుగా ఉంటే కోర్టులు ఒప్పుకోవాలనే సూత్రం 1984 నుంచి నడుస్తూ వచ్చింది. 2024 జూన్ 28న సుప్రీంకోర్టు ఆ సూత్రాన్నే రద్దు చేసింది. చట్టం అర్థం తేల్చాల్సింది జడ్జీలే తప్ప ఆ చట్టం కింద అధికారం అనుభవించే శాఖ కాదని తీర్పు.

కన్జర్వేటివ్ విమర్శ మొత్తంలో ఇది అన్నిటికన్నా బలమైన భాగం. ప్రశ్న ఇక్కడ చాలా సూటిగా ఉంది: ఓటు వేసి ఎన్నుకోని అధికారి, చట్టసభ రాయని మాట ఆధారంగా, ఒకరి సంపాదనలో అయిదో వంతు తీసుకోవచ్చా? అవతలి వాదనకూ బరువుంది. ఏ రసాయనం ఎంత మోతాదు దాటితే ప్రమాదమో అమెరికా చట్టసభ కాంగ్రెస్ సభ్యులు చట్టంలో రాయలేరు. నిపుణుల చేతిలోంచి తీసిన నిర్ణయం జడ్జీల చేతికి వెళ్లింది, వాళ్లనూ ఎవరూ ఎన్నుకోలేదు. పైగా 1984లో ఆ సూత్రం మేలు చేసింది రీగన్ ప్రభుత్వ పర్యావరణ విభాగానికే. అప్పుడు దాన్ని స్వాగతించినవాళ్లలో చాలామంది కన్జర్వేటివులు. ఏ వ్యవస్థ ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి సూత్రాల మీద ప్రేమ మారుతూ వచ్చింది. రెండు పక్షాలదీ ఇదే కథ.

## కాఫీ పార్టీల నుంచి పే స్టబ్ దాకా

విమర్శ ఎక్కడ ఆగిపోతుందో చూడాలంటే 1961కి వెళ్లాలి. వృద్ధులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా ప్రతిపాదన వచ్చినప్పుడు అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ‘ఆపరేషన్ కాఫీ కప్’ అనే ప్రచారం మొదలుపెట్టింది. డాక్టర్ల భార్యలు ఇరుగుపొరుగు ఆడవాళ్లను కాఫీకి పిలిచేవాళ్లు. గ్రామఫోన్ మీద ఒక రికార్డు పెట్టేవాళ్లు. అప్పటికి సినిమా, టీవీ నటుడైన రొనాల్డ్ రీగన్ గొంతు పది నిమిషాల పైగా వినిపించేది. ముందు వృద్ధుల బీమా అంటారు, తర్వాత డాక్టరు ఏ ఊళ్లో ప్రాక్టీసు పెట్టాలో కూడా ప్రభుత్వమే చెబుతుంది అన్నది అందులోని హెచ్చరిక. విన్నవాళ్లు అక్కడే కూర్చుని తమ కాంగ్రెస్ సభ్యుడికి సొంత మాటల్లో, సొంత చేతిరాతతో ఉత్తరాలు రాసేవాళ్లు.

ప్రతిపాదన నాలుగేళ్లు ఆగింది. 1965 జులై 30న ఆ బీమా ‘మెడికేర్’ పేరుతో చట్టమైంది. ఇప్పుడు 6.8 కోట్ల మందికి పైగా దాని కింద ఉన్నారు. డాక్టరు ఏ ఊళ్లో ఉండాలో ప్రభుత్వం చెప్పలేదు. ఖర్చు గురించిన భయం మాత్రం నిజమైంది. ఆసుపత్రి బీమా భాగానికి 1990 నాటికి ఏటా సుమారు 900 కోట్ల డాలర్లు అవుతాయని మొదట్లో అంచనా వేశారు. తీరా అయింది సుమారు 6,700 కోట్లు. అందులో కొంత ద్రవ్యోల్బణం, మిగతాది అంచనాలో పొరపాటు. అయినా రీగన్ అధ్యక్షుడయ్యాక మెడికేర్‌ను రద్దు చేయలేదు సరికదా, 1988లో దాన్ని విస్తరించే చట్టం మీద సంతకం పెట్టారు. విస్తరణ ఖర్చు వృద్ధులే కట్టాలనేసరికి వాళ్లు తిరగబడ్డారు. ఏడాదిన్నరలోపే కాంగ్రెస్ ఆ చట్టాన్ని వెనక్కి తీసుకుంది.

ఎందుకిలా? జవాబు ప్రతి ఉద్యోగి పే స్టబ్‌లో, అంటే జీతం చీటీలో ఉంది. అందులో ‘ఫైకా’ అనే జీతం పన్ను కింద వృద్ధాప్య పెన్షన్ పథకమైన సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోత కనిపిస్తుంది. కంపెనీ కూడా అంతే కడుతుంది. 1935లో ఈ పద్ధతి పెట్టిన అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ తర్వాత దాని ఉద్దేశం దాచుకోలేదు. సొంత జీతంలోంచి కట్టారు కాబట్టి జనం దీన్ని హక్కుగా చూస్తారు, ఏ రాజకీయ నాయకుడూ రద్దు చేయలేడు అన్నది ఆయన మాటల సారాంశం. 1936లో ఈ పథకాన్ని గట్టిగా విమర్శిస్తూ రూజ్‌వెల్ట్‌తో తలపడిన రిపబ్లికన్ అభ్యర్థి ఆల్ఫ్ లాండన్ రెండంటే రెండే రాష్ట్రాలు గెలిచారు. 2005లో జార్జ్ బుష్ ఇందులో కొంత భాగాన్ని ప్రైవేటు ఖాతాలుగా మార్చాలని చూస్తే కాంగ్రెస్‌లో ఓటింగ్ దాకా కూడా రాలేదు. 2009లో సౌత్ కరోలినాలో ఒక సభలో ఓటరు లేచి, ప్రభుత్వం నా మెడికేర్ జోలికి రావద్దని రిపబ్లికన్ కాంగ్రెస్ సభ్యుడు బాబ్ ఇంగ్లిస్‌ను హెచ్చరించాడు. అది ప్రభుత్వ పథకమేనని ఆయన నచ్చజెప్పబోయినా ఫలితం లేకపోయింది. జీతంలోంచి కట్టింది తనదేనని నమ్మే మనిషికి అది సర్కారు సొమ్ములా కనిపించదు.

హెచ్-1బి మీద పనిచేసే తెలుగువాళ్ల పే స్టబ్‌లోనూ ఈ కోతే ఉంటుంది. పెన్షన్‌కు అర్హత రావాలంటే 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని కావాలి. భారత్, అమెరికాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు. పదేళ్లు నిండకుండా హైదరాబాద్ తిరిగొచ్చేవాళ్లకు పెన్షన్ రాదు, కట్టింది వెనక్కీ రాదు. కడితే హక్కు వస్తుందన్న రూజ్‌వెల్ట్ లెక్క వీళ్లకు వర్తించడం లేదు. అక్కడ ఓటు లేని వీళ్ల తరఫున కాంగ్రెస్‌లో గట్టిగా అడిగేవాళ్లూ కరువే.

## ఉద్యోగులు తగ్గారు, ఖర్చు తగ్గలేదు

2025 జనవరిలో ఎలాన్ మస్క్ సారథ్యంలో ప్రభుత్వ ఖర్చు తగ్గించడానికి మొదలైన ‘డోజ్’ కార్యక్రమం ఈ చిక్కునే బయటపెట్టింది. మొదట 2 లక్షల కోట్ల డాలర్లు మిగులుస్తామన్నారు, తర్వాత లక్ష కోట్లన్నారు. ఫెడరల్ ఉద్యోగుల సంఖ్య బాగానే తగ్గింది. 2024 ఆర్థిక సంవత్సరంలో సుమారు 6.75 లక్షల కోట్ల డాలర్లున్న ప్రభుత్వ ఖర్చు 2025లో 7 లక్షల కోట్లకు పెరిగింది. లోటు దాదాపు 1.8 లక్షల కోట్ల దగ్గరే ఉండిపోయింది.

కారణం సులువే. ఫెడరల్ బడ్జెట్‌లో ఆఫీసుల జీతాలు చిన్న భాగం. పెద్ద భాగం వృద్ధుల పెన్షన్లు, ఆసుపత్రి బిల్లులు, రక్షణ, అప్పు మీద వడ్డీ. 2024లో వడ్డీ రక్షణ ఖర్చును మించిపోయింది. 2025 అక్టోబరుకు అప్పు 38 లక్షల కోట్ల డాలర్లు దాటింది. పెద్ద ప్రభుత్వం చివరికి అప్పుల ఊబిలో దిగుతుందన్న కన్జర్వేటివ్ హెచ్చరికకు ఈ అంకెలు బలమిస్తాయి. అయితే 2001, 2003, 2017, 2025 పన్ను కోతలూ ఆ అప్పులో భాగమే. రాబడి తగ్గిస్తే ఖర్చు దానంతటదే తగ్గుతుందని వేసిన లెక్క తప్పింది. ఖర్చు అలాగే ఉంది, అప్పు పెరిగింది.

## పని షరతు: ఒక గెలుపు, ఒక హెచ్చరిక

ఊరికే ఇచ్చే సాయం మనిషిని ఆధారపడేలా చేస్తుందన్నది ఇంకో పాత వాదన. 1996 ఆగస్టు 22న డెమొక్రాట్ అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకంతో పేద కుటుంబాల నగదు సాయానికి అయిదేళ్ల గడువు, పని షరతు వచ్చాయి. తర్వాతి ఏళ్లలో ఒంటరి తల్లుల ఉద్యోగాలు పెరిగాయి. ఆర్థిక వ్యవస్థ జోరుగా ఉండటం, తక్కువ జీతాల వాళ్లకు ఇచ్చే పన్ను రాయితీ పెరగడం కూడా అందుకు తోడయ్యాయి. ఈ పథకాన్ని వెనక్కి తీసుకోగలగడానికి ఒక కారణం, లబ్ధిదారులు తక్కువ, వాళ్ల ఓటు బలహీనం. మెడికేర్‌కు ఆ స్థితి లేదు.

పేదల ఆరోగ్య పథకం మెడికెయిడ్‌కు ఇదే షరతును ఆర్కాన్సా 2018లో పెట్టింది. కోర్టు ఆపేలోగా 18 వేల మందికి పైగా బీమా పోగొట్టుకున్నారు. ఉద్యోగాలు పెరిగిన దాఖలా పరిశోధకులకు దొరకలేదు. పని చేస్తున్నా ప్రతినెలా ఆన్‌లైన్‌లో నమోదు చేయలేక జాబితాలోంచి జారిపోయినవాళ్లు అందులో చాలామంది. చిన్న ప్రభుత్వం కోరే పక్షం పెట్టిన షరతును అమలు చేయడానికి ఇంకో కాగితాల యంత్రాంగం కావాల్సి వచ్చింది. 2025 జులై 4న సంతకమైన చట్టం నెలకు 80 గంటల పని షరతును దేశంలోని చాలా రాష్ట్రాలకు తెస్తోంది. 2027 మొదటికల్లా ఆ రాష్ట్రాలు దాన్ని అమలు చేయాలి.

## డెన్మార్క్ ఎవరి ఉదాహరణ?

వామపక్షం డెన్మార్క్‌ను చూపిస్తే, 2015లో ఆ దేశ ప్రధాని లార్స్ లొక్కె రాస్‌ముసెన్ హార్వర్డ్‌కు వచ్చి మాది సోషలిస్టు ప్రణాళికా వ్యవస్థ కాదు, మార్కెట్ వ్యవస్థే అని చెప్పారు. అక్కడ చట్టబద్ధమైన కనీస వేతనం కూడా లేదు, యూనియన్ల ఒప్పందాలే ఉన్నాయి. స్వీడన్ 2007లో సంపద పన్నును రద్దు చేసింది. ఇక్కడ కన్జర్వేటివుల పాయింటు సరైనదే: ఉదారమైన సంక్షేమానికి ఆ దేశాల్లో మధ్యతరగతే ఖర్చు భరిస్తుంది. డెన్మార్క్‌లో దాదాపు ప్రతి వస్తువు మీదా 25 శాతం వ్యాట్ ఉంది. అమెరికాలో ఫెడరల్ వ్యాట్ అసలు లేదు, పన్ను పెంపు వాగ్దానాలన్నీ బాగా సంపన్నుల చుట్టూనే తిరుగుతాయి.

## ఇంటెల్‌తో వచ్చిన చీలిక

2025 ఆగస్టులో ట్రంప్ ప్రభుత్వం ఇంటెల్ కంపెనీలో సుమారు 10 శాతం వాటా తీసుకుంది. విలువ 890 కోట్ల డాలర్లు. రిపబ్లికన్ సెనేటర్ రాండ్ పాల్ ఇది సోషలిజం వైపు అడుగు కాదా అని బహిరంగంగా అడిగారు. సోషలిస్టు సెనేటర్ బెర్నీ శాండర్స్ దాన్ని సమర్థించారు. చైనాతో పోటీలో చిప్స్ దేశభద్రత విషయమని వైట్‌హౌస్ సమాధానం. పాత పద్ధతి కన్జర్వేటివులకు ప్రభుత్వ వాటా తప్పు, ఎవరు అధికారంలో ఉన్నా సరే. కొత్త జాతీయవాద పక్షానికి ప్రభుత్వ బలం తప్పు కాదు, అది ఎవరి చేతిలో ఉందన్నదే ముఖ్యం. రాండ్ పాల్ వేసిన ప్రశ్నకు ఆ పక్షం ఇంతవరకు సూటిగా జవాబివ్వలేదు.

## ముందు ఏం జరగొచ్చు

2025లో గ్యాలప్ సర్వేలో పెట్టుబడిదారీ విధానం మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు 54 శాతానికి తగ్గారు. సోషలిజం మీద 39 శాతం. డెమొక్రాట్లలో అయితే సోషలిజానికి 66, పెట్టుబడిదారీ విధానానికి 42. ఇళ్ల అద్దె, పిల్లల సంరక్షణ, వైద్యం ఖర్చులు తగ్గే దారి చూపకుండా ఆ మాటను తిట్టుగా వాడటం యువతలో మునుపటిలా పనిచేయకపోవచ్చు.

న్యూయార్క్‌లో సుమారు 10 లక్షల నియంత్రిత అపార్ట్‌మెంట్ల అద్దెను పెంచకూడదన్న మమ్దానీ హామీ, మేయర్ నియమించే బోర్డు ద్వారా జరగాలి. ఏడాది అద్దెలను పెంచకుండా ఆపడం 2015, 2016, 2020లో జరిగినదే. పిల్లల సంరక్షణకు అడిగే కొత్త ఆదాయపు పన్నుకు మాత్రం రాష్ట్ర చట్టసభ ఒప్పుకోవాలి. పాత భవనాల మరమ్మతులు ఆగుతాయా, ఖాళీ ఫ్లాట్లు తాళాలతో ఉండిపోతాయా అన్నది రెండు మూడేళ్లలో తేలుతుంది.

పెద్ద పరీక్ష వేరే ఉంది. సోషల్ సెక్యూరిటీ పెన్షన్ నిధి 2033లో అడుగంటుతుందని ధర్మకర్తల 2025 నివేదిక అంచనా. ఆ తర్వాత వచ్చే పన్నులతో 77 శాతం పెన్షనే ఇవ్వగలరు. మిగతా కోత ఏ ఓటింగూ లేకుండా చట్టప్రకారం దానంతటదే పడుతుంది. 1983లోనూ ఇదే పరిస్థితి వచ్చింది. అప్పుడు రీగన్, డెమొక్రాట్ స్పీకర్ టిప్ ఓనీల్ కలిసి పన్ను పెంపును ముందుకు జరిపారు, పూర్తి పెన్షన్ వయసును 65 నుంచి 67కు దశలవారీగా పెంచారు. వాళ్లు చేతులు కలిపే నాటికి నిధి ఖాళీ కావడానికి నెలలే మిగిలాయి.